యూనివర్సిటీ క్లస్టర్‌లో కంప్యూటింగ్ గంటలు కొనడం: టెస్ట్ జాబ్ నుంచి యూసీ దాకా

డిపార్ట్‌మెంట్ డెస్క్‌టాప్ మీద వారం రోజులు నడిచినా తెమలని లెక్క వచ్చిందంటే బయటి సంస్థలోని ఉమ్మడి క్లస్టర్ (చాలా కంప్యూటర్లు కలిపి ఒకటిగా నడిపే పెద్ద యంత్రం) వైపు చూడక తప్పదు. పాలమూరు యూనివర్సిటీలో మందు అణువుల సిమ్యులేషన్ చేసే స్కాలర్‌కైనా, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో కూర్చుని మర్రిగూడ, నాంపల్లి మండలాల ఫ్లోరైడ్ నీళ్ల మీద మోడల్ కట్టే వాళ్లకైనా, ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని వనపర్తి, గద్వాల వైపు పంటల విస్తీర్ణం తేల్చే వాళ్లకైనా గంటలు కొనే తోవ ఒకటే. ఈ తోవలో రేటు వల్ల పోయే పైసలు తక్కువ. ఎన్ని గంటలు పడతాయో తెలియకుండా అడగడం, అక్కర్లేని కోర్లు పట్టి ఉంచడం, ఫైలు కదిలేలోపు ప్రాజెక్టు గడువు దాటిపోవడం, ఎక్కువ నష్టం ఈ మూడింటి దగ్గరే. మూడింటికీ మందు మొదట్లోనే ఉంది. ఒక చిన్న టెస్ట్ జాబ్ (క్లస్టర్‌కు అప్పగించే ఒక్కో పనిని జాబ్ అంటారు) నడిపి, దాని రిపోర్టు చేతిలో పెట్టుకుని మిగతా పనంతా మొదలుపెట్టాలి. అంచనా, శాంక్షన్, ఇన్వాయిస్, చివరికి నిధులు దేనికి వాడామో చెప్పే యూటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) కూడా ఆ ఒక్క కాగితం మీదే నిలబడతాయి.

బిల్లు పడేది దేనికి

క్లస్టర్లలో కొలత కోర్-అవర్. ఒక ప్రాసెసర్ కోర్‌ను ఒక గంట మీ పేరు మీద ఉంచితే ఒక కోర్-అవర్. 48 కోర్ల నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్) మొత్తం 10 గంటలు తీసుకుంటే 480 కోర్-అవర్లు. కొన్ని సంస్థలు నోడ్-అవర్ లెక్కన రేటు ఇస్తాయి, ఏఐ లాంటి పనులకు వాడే గ్రాఫిక్స్ ప్రాసెసర్లకు, అంటే జీపీయూలకు, జీపీయూ-అవర్ వేరుగా ఉంటుంది. రెండు సంస్థల రేట్లు పోల్చి చూసేటప్పుడు అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చుకోండి. నోడ్‌కు గంటకు ఇంత అన్న రేటు చూడగానే పెద్దదిగా కనిపించినా, 48తో భాగిస్తే కోర్‌కు ఎంతో తేలుతుంది.

అన్నిటికన్నా ముందు మనసులో పెట్టుకోవాల్సింది: మీరు వాడిన దానికి కాదు, మీ పేరు మీద పట్టి ఉంచిన దానికి బిల్లు పడుతుంది. 48 కోర్లు అడిగి ప్రోగ్రామ్ ఒక్క కోర్ మీదే నడిచినా బిల్లు 48 కోర్లకే. ఆ నోడ్‌ను అంతసేపు ఇంకెవరూ వాడుకోలేరు కాబట్టి ఈ పద్ధతిలో అన్యాయమేమీ లేదు.

మెమరీ కూడా ఇదే లెక్కలోకి వస్తుందన్న సంగతి చాలామందికి మొదటి బిల్లు వచ్చాకే తెలుస్తుంది. 48 కోర్లు, 192 జీబీ మెమరీ ఉన్న నోడ్‌లో ఒక్కో కోర్ వాటాకు 4 జీబీ. మీరు 8 కోర్లు, 96 జీబీ మెమరీ అడిగారనుకోండి. 96 జీబీ అంటే 24 కోర్ల వాటా మెమరీ. కోర్లు, మెమరీలలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేసేలా స్లర్మ్ షెడ్యూలర్‌ను (జాబ్‌లను వరుసలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) అమర్చిన చోట మీకు పడేది 8 కోర్లకు కాదు, 24 కోర్లకు. జాబ్ స్క్రిప్ట్‌లో (ఏమేం కావాలో రాసిచ్చే ఫైలు) ఎందుకైనా మంచిదని పెద్ద అంకె రాసేస్తే బిల్లు మూడింతలవుతుంది. టారిఫ్ అడిగేటప్పుడే "మెమరీకి బిల్లింగ్ ఎలా? నోడ్ మొత్తం ఇస్తారా, కోర్లు విడిగా ఇస్తారా?" అని రాతపూర్వకంగా తెలుసుకోండి.

జీపీయూ దగ్గర ఇంకో గుంట ఉంది. బ్రౌజర్‌లో కోడ్ నడిపే జూపిటర్ నోట్‌బుక్ తెరిచి, నాలుగు గ్రాఫులు చూసి, కిటికీ మూసేసి హాస్టల్‌కు పోతే సెషన్ ఆగదు. ఇచ్చిన గడువు తీరేదాకా జీపీయూ మీ పేరు మీదే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. బ్రౌజర్ మూయడం వేరు, జాబ్ రద్దు చేయడం వేరు. లేచేముందు ఎస్‌క్యూ (squeue) కమాండ్‌తో ఏమేం నడుస్తున్నాయో చూసి, అక్కర్లేనిది ఎస్‌క్యాన్సిల్‌తో (scancel) ఆపండి.

ఎవరిని అడగాలి

మన జిల్లాల వాళ్లకు దగ్గరలో ఉన్న పెద్ద యంత్రం సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవ. 838 టెరాఫ్లాప్స్ (సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు) సామర్థ్యం. 2015లో మొదలైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ పెట్టిన యంత్రాల్లో అదొకటి. బెంగళూరు ఐఐఎస్సీలోని పరమ్ ప్రవేగ 3.3 పెటాఫ్లాప్స్, అంటే 3,300 టెరాఫ్లాప్స్. ఈ మిషన్ ఉద్దేశంలోనే బయటి విద్యాసంస్థలకు సమయం ఇవ్వడం ఉంది కాబట్టి జిల్లా యూనివర్సిటీ నుంచి అడుగుతున్నామన్న జంకు పెట్టుకోవద్దు. దరఖాస్తు ఫారం, టారిఫ్ ఆతిథ్య సంస్థవే ఉంటాయి. అక్కడ బయటివాళ్లకు ఎంత వాటా, ఏ రేటు అన్నది ఆ సంస్థే నిర్ణయిస్తుంది.

ఏఐ పనికి జీపీయూ కావాలంటే 2024 మార్చిలో కేంద్ర కేబినెట్ సుమారు 10,372 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ వైపు కూడా చూడాలి. అర్హత ఉన్నవాళ్లకు కంప్యూటింగ్ ఖర్చులో 40 శాతం దాకా సబ్సిడీ ఇచ్చే పథకం అది. కానీ మీ పని సీపీయూ కోర్ల మీద నడిచేదైతే దాని వెంట పడి నెలలు పోగొట్టుకోకండి.

టారిఫ్‌లో సాధారణంగా నాలుగు వరుసలు ఉంటాయి: సొంత సంస్థ వాళ్లు, ఇతర విద్యాసంస్థలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు, పరిశ్రమలు. మీరు రెండో వరుస. అయితే ప్రాజెక్టులో ఏ మందుల కంపెనీయో భాగస్వామిగా ఉంటే పరిశ్రమ రేటు వర్తించవచ్చు. ఆ సంగతి దరఖాస్తులోనే చెప్పాలి. దాచి విద్యాసంస్థ రేటుకు నడిపితే, తర్వాత పేపర్‌లో కంపెనీ పేరు చూసి తేడా మొత్తానికి బిల్లు పంపే హక్కు వాళ్లకుంటుంది.

టెస్ట్ జాబ్

దరఖాస్తుతో పాటు కొద్దిపాటి ట్రయల్ గంటలు అడగండి. కొత్తగా వచ్చేవాళ్లకు చాలా సంస్థలు ఇస్తాయి. లేదంటే తక్కువ మొత్తం కట్టి మొదలుపెట్టండి. ఆ కొద్దిపాటి ఖర్చు తర్వాత పదింతలు మిగులుస్తుంది.

టెస్ట్‌కు అసలు పనిలోని ఫైళ్లే వాడాలి. చిన్న ఉదాహరణ ఫైలుతో చేస్తే వేగం తప్పుగా వస్తుంది. గ్రోమాక్స్ సాఫ్ట్‌వేర్‌తో ప్రొటీన్ సిమ్యులేషన్ చేస్తున్నారనుకుందాం. మీ అసలు సిస్టమ్‌నే అరగంట నడిపితే చాలు, లాగ్ ఫైలు చివర్లో రోజుకు ఎన్ని నానోసెకన్ల అణు కదలిక లెక్క తేలుతుందో అదే చెబుతుంది. 12, 24, 48 కోర్ల మీద విడివిడిగా నడిపి మూడు అంకెలూ రాసుకోండి.

లెక్క కోసం 48 కోర్ల మీద రోజుకు 48 నానోసెకన్లు, 24 కోర్ల మీద 30 నానోసెకన్లు వచ్చాయనుకుందాం. కావాల్సిన పని 5 మందు అణువులు, ఒక్కోదానికి 3 సార్లు, ఒక్కోసారి 100 నానోసెకన్లు. మొత్తం 1,500 నానోసెకన్లు. 48 కోర్లతో 31.25 రోజులు, అంటే 750 గంటలు, 36,000 కోర్-అవర్లు. 24 కోర్లతో 50 రోజులు, అంటే 1,200 గంటలు, 28,800 కోర్-అవర్లు. కోర్లు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాలేదు, అందుకే సగం కోర్లతోనే 7,200 కోర్-అవర్లు మిగిలాయి. ఒక్క సిమ్యులేషన్ విడిగా చూస్తే ఆలస్యమే. కానీ మొత్తం 15 ఉన్నాయి కదా, ఒకే నోడ్ మీద 24 కోర్ల చొప్పున రెండు పక్కపక్కన నడుపుకోవచ్చు. నోడ్ మొత్తం తీసుకోవాల్సిందే అన్న సంస్థలో అయితే ఇలా జతగా నడపడం తప్పనిసరి, లేకపోతే మిగిలిన 24 కోర్లకు ఊరికే కట్టినట్టే. పక్కపక్కన నడిపేటప్పుడు రెండూ ఒకే కోర్ల మీద పడకుండా ఏ రన్ ఏ కోర్ల మీద నడవాలో కట్టేసే పిన్నింగ్ ఆప్షన్ పెట్టాలి. అది మరిచిపోతే రెండూ నత్తనడక నడుస్తాయి.

భూగర్భ జలాల మోడల్ తీరు వేరు. దానికి వాడే మాడ్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ మామూలుగా ఒక రన్‌కు ఒక్క కోరే వాడుతుంది. దానికి నోడ్ మొత్తం ఇస్తే 47 కోర్లు ఖాళీగా కూర్చుంటాయి, బిల్లు మాత్రం 48కి వస్తుంది. ఆ పనిలో క్లస్టర్ ఉపయోగపడేది క్యాలిబ్రేషన్ (మోడల్ ఫలితాలు కొలిచిన అంకెలతో కలిసేలా సర్దడం) దగ్గర. పెస్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఒకే మోడల్‌ను వేరువేరు పారామీటర్లతో ఒకేసారి 48 కోర్ల మీద నడిపితే ప్రతి కోర్‌కూ పని ఉంటుంది. ఒక్క రన్ మాత్రమే కావాలంటే గంటలు కొనొద్దు, ల్యాబ్ డెస్క్‌టాప్‌లో రాత్రంతా వదిలేయండి.

టెస్ట్ అయ్యాక సెఫ్ (seff) కమాండ్‌తో జాబ్ నంబర్ ఇచ్చి రిపోర్టు తీసుకోండి. సీపీయూ ఎంత శాతం వాడారో, అడిగిన మెమరీలో ఎంత వాడారో రెండు వరుసల్లో చూపిస్తుంది. సీపీయూ 80 శాతం కంటే బాగా తక్కువగా ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. తరచుగా కనిపించే తప్పు థ్రెడ్ల (ఒక ప్రాసెస్ లోపల ఒకేసారి నడిచే పని ముక్కలు) అమరిక. ప్రాసెస్‌ల సంఖ్యను థ్రెడ్ల సంఖ్యతో గుణిస్తే అడిగిన కోర్ల సంఖ్య రావాలి. ఓఎంపీ థ్రెడ్ల అంకె (OMP_NUM_THREADS) ఇవ్వకుండా వదిలేస్తే కొన్ని ప్రోగ్రాములు 48 ప్రాసెస్‌లూ తలా 48 థ్రెడ్లు పుట్టించుకుని ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అప్పుడు సెఫ్‌లో శాతం బాగానే కనిపించవచ్చు, పని మాత్రం సాగదు. అందుకే శాతంతో పాటు రోజుకు ఎన్ని నానోసెకన్లు వచ్చాయో కూడా చూడమనేది. మెమరీ వరుసలో 96 జీబీ అడిగి 11 జీబీ వాడినట్టు తేలితే, తర్వాతి స్క్రిప్ట్‌లో 16 జీబీ రాయండి. సగం కంటే ఎక్కువ బిల్లు అక్కడే తగ్గిపోవచ్చు.

అంచనా కాగితం

48 కోర్ల లెక్కన తేలిన 36,000 కోర్-అవర్ల పనికి సరిగ్గా 36,000 అడగకండి. జాబ్‌లు మధ్యలో ఆగుతాయి, ఇన్‌పుట్ తప్పులు దొర్లుతాయి, రివ్యూయర్ ఇంకో అణువు కలపమంటాడు. 30 శాతం కలుపుకుంటే 46,800. రేటు కోర్-అవర్‌కు ఒక రూపాయి అనుకుంటే రూ. 46,800, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ. 55,224. టారిఫ్ కాగితంలో జీఎస్టీ అదనం అన్న మాట చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూడకుండా శాంక్షన్ తెచ్చుకుంటే సరిగ్గా 8,424 రూపాయల దగ్గర ఫైలు ఆగుతుంది, ఆ కాస్తకు మళ్లీ మొదటి నుంచి సంతకాలు పెట్టించుకోవాలి.

మీ యూనివర్సిటీకే సొంత క్లస్టర్ ఉండి అందులోనే వాడితే అది ఒకే సంస్థలో లోపలి బదిలీ, జీఎస్టీ ప్రశ్న రాదు. వేరే సంస్థ అయితేనే వస్తుంది.

యూజీసీ జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్న సైన్స్ స్కాలర్‌కు మొదటి రెండేళ్లు ఏడాదికి రూ. 12,000 కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల సొమ్ము) వస్తుంది. రూపాయి రేటు అనుకుంటే జీఎస్టీ పోను దానితో సుమారు 10,100 కోర్-అవర్లు వస్తాయి. పైన చెప్పిన పనికి అది చాలదు గానీ, టెస్ట్ జాబ్‌లకూ ఒక అణువు పూర్తి చేయడానికీ సరిపోతుంది. గైడ్ దగ్గర ప్రాజెక్టు లేనప్పుడు మొదలుపెట్టే దారి ఇదే.

సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఖర్చు కూడా ఈ కాగితంలోనే తేలాలి. గ్రోమాక్స్, క్వాంటమ్ ఎస్ప్రెస్సో, మాడ్‌ఫ్లో ఉచితం. గౌసియన్, వాస్ప్ కొనుక్కోవాల్సినవి. వాస్ప్ లైసెన్సు ఒక పరిశోధక బృందం పేరు మీద ఉంటుంది. క్లస్టర్‌లో అది ఇన్‌స్టాల్ అయి ఉన్నంత మాత్రాన మీరు వాడే హక్కు రాదు, మీ బృందానికి లైసెన్సు ఉన్నట్టు చూపిస్తేనే తెరుస్తారు. గంటలకు పైసలు కట్టేశాక ఈ సంగతి బయటపడితే ఆ గంటలు చేతిలోనే మురిగిపోతాయి.

ఏ హెడ్ నుంచి కట్టాలి

ప్రాజెక్టు శాంక్షన్ ఆర్డర్‌లో మ్యాన్‌పవర్, కన్జూమబుల్స్, ట్రావెల్, కంటింజెన్సీ, ఎక్విప్‌మెంట్, ఓవర్‌హెడ్ లాంటి హెడ్‌లు (ఖర్చు పద్దులు) ఉంటాయి. కంప్యూటింగ్ గంటలు సేవ కిందికి వస్తాయి, వస్తువు కిందికి రావు. ఎక్విప్‌మెంట్ హెడ్ నుంచి కట్టడం ఆడిట్‌లో నిలబడదు. సాధారణంగా కంటింజెన్సీ నుంచో, ఇతర ఖర్చుల నుంచో కడతారు. ప్రాజెక్టు ప్రపోజల్ రాసే దశలోనే ఉన్నవాళ్లు కంప్యూటింగ్ చార్జీలు అన్న మాటను బడ్జెట్ వివరణలో పేరు పెట్టి రాయండి. ఆ ఒక్క వాక్యం ఉంటే తర్వాత ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. లేకపోతే ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మార్చమని నిధులిచ్చే సంస్థకు రాయాలి, జవాబు వచ్చేసరికి ఆర్నెల్లయినా ఆశ్చర్యం లేదు.

నోట్‌ఫైల్‌లో క్లుప్తంగా ఇలా రాస్తే సరిపోతుంది: "పై ప్రాజెక్టులో ఆమోదించిన పనికి 46,800 కోర్-అవర్ల కంప్యూటింగ్ సమయం అవసరం. టెస్ట్ జాబ్ రిపోర్టు, అంచనా లెక్క, సదరు సంస్థ టారిఫ్ జతచేయడమైనది. జీఎస్టీతో కలిపి రూ. 55,224లను కంటింజెన్సీ హెడ్ నుంచి చెల్లించడానికి అనుమతి కోరడమైనది." అకౌంట్స్ సెక్షన్‌లో కోర్-అవర్ అంటే ఏమిటని అడుగుతారు, అడగాలి కూడా. "సార్, కరెంటు యూనిట్ లాంటిదే, ఎన్ని కోర్లు ఎన్ని గంటలు మన పేరు మీద ఉంటే అంత" అని చెప్పి టెస్ట్ రిపోర్టులోని అంకె చూపిస్తే అర్థమైపోతుంది.

మూడు కొటేషన్లు ఏవని కూడా అడగవచ్చు. ప్రభుత్వ సంస్థ ప్రకటించిన టారిఫ్ ఉన్నప్పుడు దాని ప్రింటు, వీలైతే ఇంకో సంస్థ టారిఫ్, ఒక ప్రైవేటు క్లౌడ్ రేటు పోలికగా పెట్టండి. మీరు ఆ సంస్థనే ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి. ఎంత మొత్తం దాకా కమిటీ అక్కర్లేదో మీ యూనివర్సిటీ కొనుగోలు నిబంధనల్లో చూసుకోండి.

కట్టే దారిలో చిక్కులు

క్లస్టర్ నడిపే సంస్థలు ఎక్కువగా ముందే పూర్తి మొత్తం కట్టమంటాయి. మన ఆడిట్ మాత్రం సేవ అందాక కట్టమంటుంది. కేంద్ర నిధుల మీద వర్తించే జీఎఫ్ఆర్ (సాధారణ ఆర్థిక నిబంధనలు) 2017లోని 172వ రూల్ ప్రకారం అడ్వాన్స్ మామూలుగా ప్రైవేటు సంస్థలకు కాంట్రాక్టు విలువలో 30 శాతం, ప్రభుత్వ సంస్థలకు 40 శాతం దాటకూడదు. అంతకు మించితే ఫైనాన్స్ వైపు నుంచి సడలింపు కావాలి. ఈ ముడిని విప్పుకునే తేలిక మార్గం చిన్న చిన్న విడతలుగా కొనడం. మూడు నెలలకు సరిపడా గంటలు కొని, వాడి, వాడకం రిపోర్టుతో ఆ విడతను పుస్తకాల్లో సర్దుబాటు చేసి, తర్వాతిది కొనాలి. కాగితాలు పెరుగుతాయి, నిజమే. అయినా గడువు తీరి గంటలు రద్దయ్యే ప్రమాదం దీంతో బాగా తగ్గుతుంది.

ప్రొఫార్మా ఇన్వాయిస్ (కట్టకముందు ఇచ్చే ముసాయిదా బిల్లు) తెప్పించుకున్న రోజే అందులో ఇవి ఉన్నాయో లేదో చూడండి. బిల్లు యూనివర్సిటీ పేరు మీద, యూనివర్సిటీ జీఎస్టీ నంబర్ ఉంటే దానితో ఉండాలి, స్కాలర్ పేరు మీద కాదు. ప్రాజెక్టు నంబర్, పీఐ (ప్రాజెక్టు నడిపే ప్రధాన పరిశోధకుడు) పేరు, కోర్-అవర్ల సంఖ్య, రేటు, గంటలు ఎప్పటిదాకా చెల్లుతాయన్న తేదీ ఉండాలి. సేవల కోడ్‌గా హోస్టింగ్, ఐటీ మౌలిక సదుపాయాలకు వర్తించే 998315 లాంటిది ఉండాలి. స్కాలర్ తొందరపడి సొంత ఫోన్ నుంచి యూపీఐలో కట్టేస్తే బిల్లు తన పేరున వస్తుంది. దాన్ని తిరిగి రాబట్టుకోవడం అసలు పని కంటే పెద్ద పని.

సెంట్రల్ ప్రాజెక్టు అయితే చెల్లింపు కేంద్ర ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ పీఎఫ్ఎంఎస్ మీదుగా జరుగుతుంది. పైసలు అందుకునే సంస్థను ముందు అందులో వెండర్‌గా చేర్చాలి. పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇన్వాయిస్ మీద సంస్థ పేరు ఒకటి, ఖాతాలో కన్సల్టెన్సీ విభాగం పేరు ఇంకొకటి ఉండడం మామూలే, చెల్లింపు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. క్యాన్సిల్ చేసిన చెక్కు కాపీ ముందే అడిగి పెట్టుకోండి.

టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను) సంగతి ముందే తేల్చుకోవాలి. మీ అకౌంట్స్ వాళ్లు టీడీఎస్ కోసి మిగతాది పంపితే, అవతలి వాళ్లు వచ్చినంతకే గంటలు ఇస్తారు, లేదా మొత్తం రాలేదని ఖాతానే తెరవరు. సంస్థకు పన్ను మినహాయింపు ఉంటే ఆ సర్టిఫికెట్ ప్రొఫార్మాతో పాటే తెప్పించండి. లేకపోతే కోత గురించి ఈమెయిల్ పెట్టి, కోసిన మొత్తాన్ని కూడా కట్టినట్టు లెక్కేస్తామని ఒప్పించండి. బిల్లులో జీఎస్టీ విడిగా చూపినప్పుడు టీడీఎస్ లెక్కగట్టేది జీఎస్టీ కలపని మొత్తం మీదే.

నెఫ్ట్ లేదా ఆర్టీజీఎస్ అయ్యాక యూటీఆర్ నంబర్ (బ్యాంకు లావాదేవీ నంబర్), తేదీ, మొత్తం, ప్రాజెక్టు నంబర్ నాలుగూ కలిపి క్లస్టర్ ఆఫీసుకు అదే రోజు పంపండి. ఆర్టీజీఎస్ 2 లక్షల నుంచే ఉంటుంది కాబట్టి మన మొత్తాలకు ఎక్కువగా నెఫ్టే. ఎవరు పంపారో తెలియని సొమ్ము వాళ్ల ఖాతాలో పడి ఉంటే మీ గంటలు తెరుచుకోవు.

ఇవన్నీ ఫిబ్రవరిలో మొదలుపెడితే మార్చి 31 లోపు తెమలవు. కొన్ని పథకాల్లో ఆ తేదీకి వాడని పరిమితి వెనక్కి పోతుంది. పైగా జనవరి నుంచి మార్చి దాకా అందరూ మిగిలిన పైసలతో గంటలు కొని క్యూలో చేరతారు, కొన్నా నడవవు. ఆగస్టు, సెప్టెంబరులో ఫైలు పెట్టడం మేలు.

నడిపేటప్పుడు

ఒక స్కాలర్ రెండు ప్రాజెక్టుల్లో ఉంటే ప్రతి స్క్రిప్ట్‌లో అకౌంట్ పేరు తప్పకుండా రాయాలి. అది లేకపోతే జాబ్ డీఫాల్ట్ అకౌంట్ మీద పడుతుంది, ఒక ప్రాజెక్టు పనికి ఇంకో ప్రాజెక్టు సొమ్ము ఖర్చవుతుంది. గంటలను ఒక అకౌంట్ నుంచి ఇంకో దానికి మార్చమంటే అడ్మిన్‌లు సాధారణంగా ఒప్పుకోరు, ఆడిట్‌లో అది నిధుల మళ్లింపు కింద కనిపిస్తుంది. ఇద్దరు స్కాలర్లు ఒకే లాగిన్ వాడడం కూడా ఇలాంటి చిక్కే, ఎవరి జాబ్ ఏ పనిదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

వాల్‌టైమ్ (జాబ్‌కు అడిగే గరిష్ఠ సమయం) దగ్గర రెండు వైపులా జాగ్రత్త కావాలి. తక్కువ రాస్తే జాబ్ మధ్యలో తెగిపోతుంది, అప్పటిదాకా కాలిన గంటలకు బిల్లు మామూలే. బాగా ఎక్కువ రాస్తే, నడిచిన సమయానికే బిల్లు పడినా, బ్యాలెన్స్ చాలదని షెడ్యూలర్ అసలు మొదలే పెట్టకపోవచ్చు. మీ దగ్గర 2,000 కోర్-అవర్లు మిగిలి ఉండి 48 కోర్లకు 72 గంటలు అడిగితే అది 3,456 అవుతుంది. జాబ్ క్యూలోనే ఉండిపోతుంది, కారణం గడిలో గ్రూప్ సీపీయూ మినిట్స్ లిమిట్ అని కనిపిస్తుంది. యంత్రం పాడైందని హెల్ప్‌డెస్క్‌కు రాసేముందు ఆ గడి చూడండి. 24 గంటలకు తగ్గించి పెడితే 1,152తో కదులుతుంది.

అలా ముక్కలుగా నడపాలంటే చెక్‌పాయింట్ (అప్పటిదాకా జరిగిన పనిని దాచే ఫైలు) ఉండాలి. గ్రోమాక్స్ మామూలుగా ప్రతి 15 నిమిషాలకు ఒకటి రాసుకుంటుంది. మ్యాక్స్‌హెచ్ (-maxh) అన్న ఆప్షన్‌లో గంటలు ఇస్తే గడువుకు కాస్త ముందే శుభ్రంగా ఆగి, తర్వాతి జాబ్‌లో అక్కడి నుంచే అందుకుంటుంది. 24 గంటల వాల్‌టైమ్‌కు 23.5 ఇవ్వండి. మీరు రాసుకున్న సొంత ప్రోగ్రామ్‌లో చెక్‌పాయింట్ లేకపోతే, గంటలు కొనకముందే దాన్ని కలపండి.

200 జాబ్‌ల అర్రే (ఒకే స్క్రిప్ట్‌తో వదిలే జాబ్‌ల గుంపు) ఒకేసారి వదలొద్దు. ముందు రెండు వదిలి, ఫలితం ఫైలు తెరిచి చూసి, తర్వాత మిగతావి వదలండి. ఇన్‌పుట్‌లో ఒక యూనిట్ తప్పు పడితే 200 సార్లు అదే తప్పుకు పైసలు కట్టాల్సి వస్తుంది, అలాంటి వాటికి రీఫండ్ ఉండదు. యంత్రం వైపు లోపంతో, అంటే నోడ్ పడిపోయి, స్టోరేజ్ ఆగిపోయి జాబ్ చెడితే మాత్రం గంటలు వెనక్కి అడగవచ్చు. జాబ్ నంబర్, తేదీ, ఎర్రర్ ఫైలు జతచేసి వెంటనే రాయండి. నెల తర్వాత రాస్తే లాగ్‌లు ఉండవు.

నెలాఖరు లెక్క

ప్రతి నెలా చివరి రోజున ఎస్‌అక్ట్ (sacct) కమాండ్‌తో ఆ నెల జాబ్‌లన్నీ తీయండి: జాబ్ నంబర్, పేరు, అకౌంట్, కోర్లు, నడిచిన సమయం, ముగిసిన తీరు. మొత్తానికి ఎస్‌రిపోర్ట్ (sreport) చాలు, అయితే అది మామూలుగా నిమిషాల్లో చూపిస్తుంది. 36,000 కోర్-అవర్లు అక్కడ 21,60,000గా కనిపిస్తాయి. ఆ అంకె చూసి బెదిరి ఫిర్యాదు చేయకండి, 60తో భాగించండి. జాబ్ పేర్లు కూడా టెస్ట్1, టెస్ట్2 అని కాకుండా అణువు పేరు, రన్ సంఖ్య వచ్చేలా పెట్టుకుంటే ఏ ఖర్చు ఏ పనిదో ఏడాది తర్వాత కూడా తెలుస్తుంది.

ఇన్వాయిస్‌లోని మొత్తాన్ని దీంతో పోల్చండి. తేడా వచ్చిందంటే ఎక్కువసార్లు మెమరీ బిల్లింగ్ వల్లో, నెల చివర మొదలై తర్వాతి నెలలో ముగిసిన జాబ్‌ల వల్లో వస్తుంది. ఈ నెలవారీ కాగితాల మీద పీఐ సంతకం చేయించి ఫైల్లో పెట్టండి. జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో యూసీ ఇచ్చేటప్పుడు ఖర్చుకు ఆధారం ఇవే. అడ్వాన్స్ కట్టి ఇంకా వాడని గంటలను ఖర్చు కింద చూపకూడదు, సర్దుబాటు కాని అడ్వాన్స్‌గా విడిగా చూపాలి.

స్టోరేజ్‌కు వేరే చార్జీ ఉందేమో టారిఫ్‌లో చూడండి. స్క్రాచ్ స్థలం (తాత్కాలిక స్టోరేజ్) ఉచితమైనా అక్కడి ఫైళ్లను కొన్ని వారాలకు తుడిచేస్తారు, బ్యాకప్ ఉండదు. దింపుకోవడానికి పట్టే టైమును తక్కువగా అంచనా వేయొద్దు. 500 జీబీ డేటా 20 ఎంబీపీఎస్ లైన్ మీద ఆగకుండా దిగినా 55 గంటలు పైనే పడుతుంది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది. తెగినచోట నుంచి అందుకునే ఆర్‌సింక్ వాడండి. అన్నీ దింపక్కర్లేదు కూడా. ట్రాజెక్టరీలోంచి (అణువుల కదలికలు నమోదైన ఫైలు) నీళ్ల అణువులు తీసేసి, ఫ్రేములు తగ్గించి క్లస్టర్‌లోనే చిన్నది చేసుకుంటే సైజు పదో వంతుకు దిగవచ్చు. ఆ పనికి ఒకటి రెండు కోర్లు చాలు.

ప్రాజెక్టు ముగిసే తేదీకి రెండు నెలల ముందు మిగిలిన గంటల సంఖ్య చూసి, అవి వెనక్కి ఇస్తారా, అదే పీఐ ఇంకో ప్రాజెక్టుకు మారుస్తారా, రద్దవుతాయా అని క్లస్టర్ ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. డేటా దింపుకుని, స్కాలర్ల లాగిన్లు మూయించి, తుది వాడకం స్టేట్‌మెంట్ సంస్థ ముద్రతో తెప్పించుకోండి. లాగిన్ పోయాక ఆ జాబ్ రికార్డులు మీరు తీయలేరు, కాబట్టి స్టేట్‌మెంట్ చేతికి వచ్చాకే ఖాతా మూయమని చెప్పాలి.